ముప్పై ఒక్క గొర్రెలు

ఆ శనివారానికి దావీదు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి పిల్లల్ని వ్యానెక్కించాలి, పల్లెలో నాటకం ఆడించాలి, పన్నెండున్నరకి తిరిగి చర్చి దగ్గర దింపాలి, ఒంటిగంటకి ఇంటికెళ్ళి అన్నం తిని ఫ్యాను కింద నడుం వాల్చాలి. ఇందులో భయపడడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగొచ్చు. దావీదుకి చోటు అక్కర్లేదు.

నర్సీపట్నం బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు నడుపుకునే దావీదుకి యాభై ఎనిమిదేళ్ళు. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, ప్రభుత్వ ముద్ర ఉన్న కవరంటే మరీ భయం. ఎవరైనా వచ్చి "మీతో ఒక మాట చెప్పాలండీ" అంటే ఆ మాట వినేలోపు రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగుతాడు. అలాంటి మనిషిని చర్చివాళ్ళు సండేస్కూలు పెద్దగా ఎందుకు పెట్టారంటే, భయస్తుడు పిల్లల్ని జాగ్రత్తగా చూస్తాడని. ఆ లెక్క తప్పలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పిల్ల మోకాలు కూడా గీరుకోలేదు. నెల రోజుల కిందట ఫోన్లలో ఒక వాయిస్ మెసేజీ తిరిగింది. గుబురు గడ్డం మనిషొకడు బిస్కెట్లు చూపించి, పిల్లల్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకుపోతున్నాడని దాని సారాంశం. అది నిజమో కాదో దావీదుకి తెలీదు గానీ, జాగ్రత్త కోసమని పదకొండు గ్రూపులకి పంపించాడు.

ఈ భయాల మీద కొత్తగా వచ్చి చేరింది ఫియోనా. స్కాట్లాండు నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ దేశంలో స్కూలు చదువయ్యాక, కాలేజీలో చేరకముందు ఒక ఏడాది ఆగి, మిషన్ సంస్థ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి పిల్లల మధ్య పనిచేసి వస్తారట. గ్యాప్ ఇయర్ అంటారట. ఈ సంగతి విన్న రోజున దావీదు భార్య సువర్ణమ్మ చాలాసేపు జాలిపడింది. "ఇంటర్ తప్పీసుంటాదండీ. పైకి చెప్పుకోలేక ఇలాగ వచ్చీసింది. మీరు మార్కుల మాట ఎత్తకండి" అని మొగుడికి జాగ్రత్త చెప్పి, తమ ఇంట్లోనే ఉంటున్న ఆ పిల్లకి రోజూ ఒక గుడ్డు ఎక్కువ పెట్టడం మొదలెట్టింది.

ఫియోనా నవ్వుతూ ఉండే పిల్లే. భయమంతా ఆమె చంకలోని ఎర్ర ఫైలుతోనే. అందులో వాళ్ళ సంస్థ నియమాలున్నాయి. పెద్దవాళ్ళెవరూ ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. అరగంటకోసారి పిల్లలకి నీళ్ళు పట్టాలి. బండి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టాలి, ఆ లెక్క కింద ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఒకటి ఫియోనాది, రెండోది దావీదుది. సంతకం అనగానే దావీదుకి అరచేతులు చెమటలు పట్టేవి. అయినా పెట్టేవాడు, పెట్టకపోతే ఏమవుతుందోనని.

అవి వీబీఎస్ రోజులు. వేసవి సెలవుల్లో చర్చిలో పది రోజులు జరిగే పిల్లల బడిని అందరూ అలాగే పిలుస్తారు. ఐదోరోజున రావికమతం వైపు ఒక పల్లెలో, జీడితోట పక్కనున్న చిన్న చర్చి దగ్గర తప్పిపోయిన గొర్రె నాటకం వేయాలని ఫియోనా నిర్ణయించింది. ముప్పై ఒక్కమంది పిల్లలూ గొర్రెలే. అందరి ముఖాలకీ తెల్లరంగు, ముక్కు మీద నల్లచుక్క, తల మీద దూది అంటించిన టోపీ. కాపరి దావీదు. నల్ల ఊలుతో చేసిన గడ్డాన్ని ఫియోనా తన దేశపు జిగురుతో అతని చెంపలకి అతికించి, భుజాన ఒక గోధుమరంగు దుప్పటి వేసి, చేతికి కర్రిచ్చింది.

నాటకం బాగానే జరిగింది. తోటల్లో జీడిపళ్ళు ఏరుతున్న జనం కూడా వచ్చి కూర్చున్నారు. పల్లె పిల్లలు మాకూ పుయ్యమని ముఖాలు చాపితే, కాదనలేక ఫియోనా వాళ్ళకీ రంగు పూసింది. చివర్లో తన గురించి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడింది. స్కూలు ముగించి ఎందుకు వచ్చిందో, ఇల్లు వదిలి వేరేవాళ్ళ ఇంట్లో ఉండి ఏమేం నేర్చుకుంటోందో, ఈ పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక ఇలాగే మరో దేశానికి సేవ చేయడానికి వెళ్తే తనకెంత సంతోషమో, అంతా చెప్పి కళ్ళు తుడుచుకుంది. తర్జుమా చేయవలసినవాడు దావీదు. జనం పెరుగుతున్నారు, కొత్త ఊరు, ఎవరేం అడుగుతారో తెలీదు. తొందరగా బయటపడితే చాలనుకున్నాడు.

"ఈ అమ్మాయి ఏడాదికని వచ్చింది. తిండీ, చదువూ మేమే చూస్తాం. అలాగే మన పిల్లలూ వెళ్ళొచ్చు. ఇదో పద్ధతి. వందనాలండీ."

అంతేనా అన్నట్టు ఫియోనా చూసింది. తెలుగులో తక్కువ మాటలతో అయిపోతుందని దావీదు వచ్చీరాని ఇంగ్లీషులో నచ్చజెప్పాడు.

వ్యాను దగ్గర ఫియోనా టోపీలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. దావీదు సంతకం పెట్టాడు. నర్సీపట్నంలో దిగాక మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. మళ్ళీ సంతకం. డ్రైవరు మంగరాజుకి యలమంచిలిలో పెళ్ళివాళ్ళ కిరాయి ఉంది, పిల్లలు దిగీదిగగానే వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులకి అప్పగించేముందు ముఖాలు కడగాలి కాబట్టి సువర్ణమ్మ చర్చి కుళాయి దగ్గర చెంబు పట్టుకుని నిలబడింది. ఒక్కొక్క గొర్రె ముఖం కడిగించుకుని, పిల్లగా మారి, ఇంటికి పోతోంది. దావీదు అరుగు మీద కూర్చుని, ఇంట్లో బెండకాయ పులుసో, దోసకాయ పప్పో ఊహించుకుంటున్నాడు.

ఆఖరి గొర్రె ముఖం కడిగిన సువర్ణమ్మ చెంబు కిందపెట్టేసింది.

"ఏటండీ, ఇలా ఒకపాలి రండి. ఈ పిల్లెవర్తి?"

ఎనిమిదేళ్ళ పిల్ల. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు. చేతిలో ఒక గుడ్డసంచి. దావీదు ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు.

"పేరేటమ్మా? ఏ ఊరు మీది?" సువర్ణమ్మ అడిగింది. పిల్ల పెదవులు బిగించి అడ్డంగా తలూపింది.

దావీదు మనసులో లెక్క సరిచూసుకున్నాడు. లెక్క ముప్పై ఒకటి. అందులో ఒకటి ఈ పిల్ల. అయితే మనవాళ్ళలో ఒకరు తక్కువ. ఆ తక్కువ ఎవరా అని అతను వేళ్ళు మడుస్తుండగానే సువర్ణమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"మన కెజియా ఏదండీ?"

కెజియా వాళ్ళ మనవరాలు. కూతురు రాచెల్ విశాఖపట్నంలో నర్సు. సెలవులకని పిల్లని అమ్మానాన్నల దగ్గర వదిలి, "నాన్న దగ్గరుంటే నాకు దిగుల్లేదు" అని వెళ్ళింది. కెజియా చిటికెనవేలు పట్టుకుని నడక నేర్చుకున్నది ఈ తాత దగ్గరే. వీబీఎస్‌లో అందరూ సమానమేనని వ్యానులో కూడా దాన్ని పక్కన కూర్చోపెట్టుకోలేదు. కెజియా ఎక్కడో కొత్త ఊళ్ళో, ఎండలో, తాతయ్యా అని ఏడుస్తున్నట్టు కళ్ళకి కట్టింది. జీవితమంతా ఉత్తుత్తినే భయపడినవాడికి నిజం భయం ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

కాసేపటికి రెండో భయం కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఈ పిల్ల ఎవరిది? ఊరూపేరూ తెలీని పిల్ల. ఎక్కించుకొచ్చింది చర్చి వ్యాను. పక్కన తెల్లమ్మాయి. కింద తన సంతకం, అదీ రెండుసార్లు.

పల్లె పాస్టరు సత్యప్రకాష్‌కి ఫోన్ చేశారు. స్విచాఫ్. ఫియోనా ఫైలు తెరిచి చదివింది. పిల్ల తప్పిపోతే వెంటనే పోలీసులకి చెప్పాలని ఉంది. దావీదు చేతులు జోడించాడు. పల్లె పన్నెండు కిలోమీటర్లే, ముందు అక్కడ చూద్దామని బతిమాలాడు. ఆమె ఆలోచించి, ఫోన్లో నలభై నిమిషాలకి అలారం పెట్టింది. అది మోగేసరికి కెజియా కనిపించకపోతే తనే పోలీసులకి ఫోన్ చేస్తానంది.

వ్యాను లేదు. ఉన్నది దావీదు పాత స్కూటరు. నియమం ప్రకారం పిల్లతో ఇద్దరు పెద్దలుండాలి కాబట్టి వెనక ఫియోనా ఎక్కింది, మధ్యలో పిల్ల. మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తోంది. "తల కాలిపోద్ది, పైగా ఎవరైనా సూస్తే" అని సువర్ణమ్మ నాటకం దుప్పటిని పిల్ల నెత్తి మీంచి కప్పేసింది. అప్పుడు దావీదుకి తన గడ్డం గుర్తొచ్చింది. పీకాడు. చెంప వచ్చింది గానీ గడ్డం రాలేదు. ఆ జిగురు వదిలించడానికి వేరే సీసా ఉంటుందట. ఫియోనా దాన్ని స్కాట్లాండులో మర్చిపోయిందట.

సగం దారిలో ఫియోనా దావీదు భుజం తట్టింది. పిల్లకి నీళ్ళు పట్టే వేళయింది. నియమమంటే నియమమే. రోడ్డు పక్క అప్పలకొండమ్మ పాకహోటలు దగ్గర ఆపారు. పిల్ల నీళ్ళు తాగి, సీసాలోని బిస్కెట్లవైపు చూస్తూ నిలబడిపోయింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఆ చూపే చెబుతోంది. దావీదు రెండు బిస్కెట్లు తీసి ఇచ్చాడు. ఇచ్చాక గాని తెలియలేదు, తనిప్పుడేం చేశాడో. గడ్డం, దుప్పటి, బిస్కెట్టు.

టీ తాగుతున్న ఇద్దరు మనుషులు గ్లాసులు కింద పెట్టారు.

"ఎవర్తి బాబూ ఈ పిల్ల?" అప్పలకొండమ్మ అడిగింది.

"మా మనవరాలమ్మా" అన్నాడు దావీదు.

"ఏటమ్మా, ఈయన మీ తాతేనా?"

గంట నుంచి మాటాడని పిల్ల బిస్కెట్టు నములుతూ తాపీగా అంది. "మా తాత సచ్చిపోనాడు."

ఇద్దరిలో ఒకడు ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. రెండోవాడు తన ఫోన్లో ఏదో వెతికి నొక్కాడు. గుబురు గడ్డం మనిషి, బిస్కెట్లు, దుప్పటి... దావీదుకి ఆ వాయిస్ బాగా తెలుసు. పదకొండు గ్రూపులకి పంపినవాడు తనే. మారుమాట లేకుండా స్కూటరెక్కి, ఫియోనా ఎక్కిందో లేదో కూడా చూడకుండా లాగించాడు. అదృష్టం కొద్దీ ఆమె ఎక్కింది. అంతా బాగానే ఉందనుకుని హోటలువాళ్ళకి చెయ్యి కూడా ఊపింది.

ఆ ఫొటో తనకంటే ముందే పల్లె చేరుతుందని దావీదుకి తెలుసు. ప్రభువా, పిల్ల కనిపించనీ, తర్వాత నన్నేం చేసినా సరే అని మనసులో అనుకున్నాడు. మరో అర కిలోమీటరు వెళ్ళాక, ఏం చేసినా సరే అన్న మాట వరకు వెనక్కి తీసుకున్నాడు. ప్రార్థన సగంలో ఉండగా మలుపు తిరిగారు.

రోడ్డుకి అడ్డంగా జనం. యాభై అరవై మందిదాకా ఉంటారు. సగం మంది చేతుల్లో జీడిపళ్ళు రాల్చే పొడుగాటి గెడలు. స్కూటరుని చూడగానే "అడుగో, గడ్డపాయన వచ్చీసినాడు" అని ఎవరో అరిచారు. అందరూ ఒక్కసారి ఇటు కదిలారు. దావీదు బండి వెనక్కి తిప్పబోయాడు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఫియోనా ఫోన్లో అలారం మోగింది. జనం ఆగి, ఆ మోత ఎక్కణ్ణించో అని చూశారు. దావీదుకి మాత్రం అది తన కోసమే మోగుతోందనిపించింది. రాచెల్‌కి ఏమని చెబుతారో, సువర్ణమ్మ ఒక్కర్తీ షాపు ఎలా నడుపుతుందో, జిరాక్సు మిషను మీద మిగిలిపోయిన ఆధార్ కాపీలు ఎవరివో, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

జనంలోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. తెల్లజుట్టు, బిగించి కట్టిన ముడి, చేతిలో గెడ. ఆమెని చూడగానే పిల్ల దుప్పటి తీసి పారేసి "మామ్మా" అంది.

దావీదు రెండు చేతులూ ఎత్తేశాడు. "అమ్మా, నేను పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి కాదు. ఈ గడ్డం నాది కాదు. పొరపాటు జరిగిపోయింది. మీ పిల్లని మీరు తీసుకోండి. మా పిల్ల ఒక్కటీ ఎక్కడుందో చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ముసలామె గెడ నేలకి ఆనించి అతణ్ణి కిందికీ పైకీ చూసింది.

"ఎత్తుకుపోడవేటి బాబూ, నానే కదా బండెక్కించినాను. పొద్దుట ఎల్లిన పిల్లని మద్దేనానికే తిరిగట్టుకొచ్చీసినారేటి? ఏటి తప్పు సేసింది?"

దావీదు చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి.

ఆమె పేరు సోమలమ్మ. పిల్ల పేరు రోజారమణి. సోమలమ్మ చెప్పింది వింటుంటే దావీదుకి ఎండలోనూ చలేసింది. "నువ్వే కదా బాబూ సెప్పినావు. ఆ దేశం పిల్ల ఏడాదికొచ్చింది, తిండీ సదువూ మీరే సూస్తారు, అలాగే మన పిల్లలూ ఎల్లొచ్చని. పథకాలంటే మాకు తెల్దేటి? ముందు ఎల్లినోలికే ఇత్తారు. ఆలీసంగా ఎల్తే అయిపోనాదంటారు. అందుకే బేగి జడలేసి, బట్టలు సంచిలో ఎట్టి ఎక్కించీసినాను. ఊరి పేరు సెప్తే దించేత్తారని, నోరు తెరవకే అని కూడా సెప్పినాను."

"మరి మా కెజియా?" అన్నాడు దావీదు.

"ఉంది. తోటలో."

దావీదు పరిగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, గడ్డంతో, కుక్కలు తరుముతున్నా వాటిని చూసి భయపడడం కూడా మర్చిపోయి పరిగెత్తాడు. జీడిచెట్టు నీడలో కెజియా మంచం మీద కూర్చుంది. ముఖం మీద తెల్లరంగు సగం కరిగింది, గౌను నిండా జీడిపళ్ళ మరకలు, ఒళ్ళో ఒక మేకపిల్ల. ఏడుస్తున్న జాడలేమీ లేవు. దావీదు దాన్ని ఎత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"గడ్డం గుచ్చుకుంటోంది తాతయ్యా" అంది కెజియా.

"ఎందుకమ్మా ఉండిపోయావు? ఎవరేనా ఆపేసారా?"

"ఎవళ్ళూ ఆపలేదు. రోజారమణి బండెక్కితే ముప్పై రెండవుతాం కదా. లెక్క తేడా వస్తే ఫియోనా మిస్ బండి కదలనివ్వదు. అందుకే నా టోపీ దానికిచ్చీసి నేను దిగిపోయాను. నాది గ్యాప్ ఇయర్. ఇంకా ఒక్క పూటే అయింది, నేను రాను."

వెనకే జనమంతా తోటలోకి వచ్చేశారు. అప్పుడు గమనించాడు దావీదు. గెడలు లేనివాళ్ళ చేతుల్లో పిల్లలున్నారు. ఆ పిల్లలందరికీ కొత్త జడలు, నూనె తలలు, చేతుల్లో గుడ్డసంచులు. గడ్డపాయన పిల్లని బండి మీద తీసుకెళ్తున్నాడని హోటలు నుంచి ఫొటో వచ్చిందట. రెండో విడతకి వస్తున్నాడు కాబోలు, పేర్లు రాయించుకోవాలని పనులాపి వచ్చి నిలబడ్డారట. "మావోడు నాలుగు చదివీసాడండి, ముందు రాయండి" అని ఒకాయన దావీదు చొక్కా పట్టుకున్నాడు. దెబ్బలకి సిద్ధపడి వచ్చినవాడు దరఖాస్తుల మధ్య నిలబడిపోయాడు.

ఫియోనా అలవాటు కొద్దీ లెక్కపెట్టేసింది. సంచులతో ఉన్న పిల్లలు పంతొమ్మిది మంది, కెజియాతో ఇరవై. వీళ్ళంతా ఎందుకొచ్చారని దావీదుని అడిగింది. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే పంతొమ్మిది మందిని స్కూటరెక్కించాలి. చివరికి, పొద్దున్న తాను ఐదు నిమిషాల మాటల్ని ఐదు ముక్కల్లో చెప్పి చేతులు దులుపుకున్న సంగతి ఒప్పుకున్నాడు. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కోప్పడలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. మేకపిల్ల పక్కన మంచం మీద కూర్చుని, పొద్దున్న చెప్పినదంతా మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. ఈసారి దావీదు ఒక్కొక్క మాటా చెప్పాడు. ఇల్లు గుర్తొచ్చి రాత్రుళ్ళు ఏడ్చేదన్న మాట దగ్గర సోమలమ్మ పైట చెంగు కళ్ళకి ఒత్తుకుంది.

"అంటే పిల్లల్ని తీసుకెల్రన్నమాట" అంది ఆఖర్న.

దావీదు ఆ మాట ఫియోనాకి చెప్పాడు. ఆమె ఫైలు తిరగేసి, ఆలోచించి, మిగిలిన ఐదు రోజుల వీబీఎస్ ఈ తోటలోనే పెడదామంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి కుదరదు గానీ తాము రావడానికి ఏ నియమమూ అడ్డం లేదట. రోజారమణి సంచి మామ్మ చేతికిచ్చేసి మేకపిల్లని లాక్కుంది. కెజియా రేపు తప్పకుండా తీసుకొస్తానని తాత చేత మూడుసార్లు చెప్పించుకుని గాని స్కూటరెక్కలేదు.

నర్సీపట్నంలో దిగాక, ఫైల్లో తప్పిపోయిన పిల్లల కాగితం మీద ఫియోనా ఏం రాయాలో తోచక, ఒకరు కూడా తప్పిపోలేదు, పంతొమ్మిది మంది పెరిగారు అని రాసి సంతకానికి చాపింది. దావీదు దాన్ని రెండుసార్లు చదివి, పక్కన నిలబడ్డ కెజియా ముఖం తడిగుడ్డతో తుడిపించి చూసి, అప్పుడు పెట్టాడు.

గడ్డం నాలుగో రోజుకి ఊడింది. ఆ ఐదు రోజులూ తోటలో దావీదు ఫియోనా మాటల్లో ఒక్కటి కూడా మింగకుండా తర్జుమా చేశాడు, ఆమె దగ్గితే అది కూడా.